‘తత్తకారం’ని మనం ఏమంటాం?

చెన్నై సాలిగ్రామంలో ఒక చిన్న కంపోజింగ్ గదిలో కీబోర్డు వాయిస్తాను. ఇప్పుడు నడుస్తున్నది తెలుగు సినిమా, షూటింగ్ ఇంకా మొదలవలేదు. దర్శకుడు సందర్భం చెప్పి వెళ్ళిపోతే, మా సంగీత దర్శకుడు హార్మోనియం ముందేసుకుని మాటల్లేకుండా “తన్నన తానన” అని పాడుకుంటూ పోతారు. అవన్నీ ఫోన్‌లో రికార్డు చేయడం నా పని. నిన్న ఒక్క పల్లవికే పదకొండు వచ్చాయి. మా తబలా ఆయన తమిళుడు. “ఆ మూడో తత్తకారం బాగుంది” అన్నాడు, ఈ మాటల్లేని ‘తన్నన’లకి తమిళంలో అదే పేరు. అదే కవిగారికి పంపుతూ ‘డమ్మీ లిరిక్స్’ అని రాసేశాను, తర్వాత మనసొప్పలేదు. తెలుగు పాటలన్నీ ఈ కోడంబాకం చుట్టుపక్కలే తయారైన రోజుల్లో మనవాళ్ళు ఏమనేవారో ఎవరికైనా తెలుసా?

– నమూనా సాహిత్యం అనొచ్చుగా?

– అందులో సాహిత్యమే లేదు కదండీ!

– బాణీ అంటే సరిపోదా తమ్ముడూ?

– బాణీ అంటే కట్టిన వరస, అక్కా. నేనడిగేది ఆ వరసని మోసే అక్షరాల గురించి. పైగా ఈ ఊరి సభల్లో బాణీ అంటే పాడే పద్ధతి, వీణ ధనమ్మాళ్ బాణీ అన్నట్టు.

– శాస్త్రంలో స్వరభాగం ధాతువు, మాటలు మాతువు. రెండూ కూర్చగలిగినవాడే వాగ్గేయకారుడు. మీ గదిలో వినిపించేది మాతువు ఇంకా రాని ధాతువు, నాయనా.

– మాస్టారూ, మాట గొప్పగా ఉంది. కానీ ధాతువు అనగానే నాకు బడిలో చదివిన వ్యాకరణమే గుర్తొస్తోంది.

– బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అనరూ? అన్నమయ్య అయితే ‘తందనాన’ని ఏకంగా పల్లవిలోనే పెట్టుకున్నాడు. ‘తందానా’ అనండి. తాన అంటే తందానా అనేవాళ్ళని వెక్కిరిస్తాం, నిజమే. అంతమాత్రాన మాటని వదులుకోవాలా?

– అక్కా, ఇది పట్టేశాను! ‘లాలలా’ కంటే ఇదే ఎందుకు నయమో చెబుతాను. ‘లాలలా’ అని సాగదీస్తే వరస తెలుస్తుంది గానీ అక్షరం బరువు తెలియదు. ‘తన’ అంటే రెండు లఘువులు. ‘తన్నన’ అంటే గురువు, రెండు లఘువులు, నాలుగు మాత్రలు. ‘తాన తన్నన’ అంటే మూడూ నాలుగూ కలిసి ఏడు, గురజాడ ముత్యాల సరం నడక. ఛందస్సు చదవనివాడికి కూడా నోటికి అందుతుంది. పోయినసారి నేను బద్ధకించి ‘లాలలా’తోనే పంపాను. కవిగారు ఒకచోట ‘కలం’ అని రాశారు. స్వరం సరిగ్గా మొదటి అక్షరం మీదే సాగింది, గాయని పాడితే ‘కాలం’ అయి కూర్చుంది. తప్పు కవిగారిది కాదు, నాది. తమిళంలో ఈ ఇబ్బంది లేదనుకోకండి, వాళ్ళకీ హ్రస్వదీర్ఘాలున్నాయి. తత్తకారం అన్న మాట వాళ్ళ నోళ్ళలో నానుతోంది, అంతే తేడా.

– మరి కవిగారికి చెప్పారా?

– ఇందాకే మెసేజ్ పెట్టాను: “అన్నా, తందానా మూడు చూడండి, నాలుగో అక్షరం గురువు, అక్కడ హ్రస్వం వద్దు.” జవాబొచ్చింది: “తందానా అందింది. తబలా కాస్త తగ్గించి మళ్ళీ పంపు, గురువు వినపడటం లేదు.”