లాలాజల నాళ క్యాన్సర్‌లో ఏఆర్, హెర్-2 పరీక్షలు ఎప్పుడు చేయించాలి?

పరకాల నుంచి, కుమారుడు:
మా బాపుకు 64 ఏళ్లు. చెవి కింద గడ్డ లేస్తే గవదబిళ్లలనుకొని పసరు కట్టించాం. మూడు నెలలకు మూతి ఒక పక్కకు వంకర పోవడంతో పక్షవాతమని భయపడి వరంగల్‌కు తీసుకువచ్చాం. ఆపరేషన్ అయింది. అది చెవి ముందూ కిందా ఉండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోని లాలాజల నాళ క్యాన్సర్ అనీ, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందనీ బయాప్సీలో వచ్చింది. రేడియేషన్‌కు హైదరాబాద్ వెళ్లాలి. క్యాన్సర్ కణాల్లో ఏఆర్, హెర్-2 అనే ప్రోటీన్లు ఉన్నాయేమో చూసే పరీక్షలు ఇప్పుడే చేయించాలని ఒక డాక్టరు గారు, వ్యాధి తిరగబెడితే చూద్దామని మరొకరు అన్నారు. ఎవరి మాట వినాలి?

హన్మకొండ నుంచి, రోగి బంధువు:
తమ్ముడూ, ఆ పరీక్షల ఫలితం ఏదైనా ఇప్పుడు చేయాల్సింది రేడియేషనే కదా. ఈ వ్యాధి అరుదైనది కావడం వల్ల, ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా ఏఆర్‌ను అడ్డుకునే హార్మోన్ మందులు వాడితే ఆయుష్షు పెరుగుతుందని పెద్ద అధ్యయనాలేవీ గట్టిగా తేల్చలేదు. పత్తి అమ్మిన డబ్బును ముందుగా ప్రయాణాలకూ తిండికీ ఉంచుకోండి.

కరీంనగర్ నుంచి, పాథాలజీ వైద్యురాలు:
రేడియేషన్ ఆగకూడదన్న మాటతో ఏకీభవిస్తాను. సాధారణంగా ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపే అది మొదలవ్వాలి. కానీ ఈ పరీక్షలు మందు కోసమే అనుకోవడం పొరపాటు. 1968లో క్లైన్‌సాసర్ బృందం ఈ వ్యాధిని వర్ణించినప్పుడే, సూక్ష్మదర్శినిలో ఇది రొమ్ము నాళ క్యాన్సర్‌ను పోలి ఉంటుందని గుర్తించింది. పురుష హార్మోన్‌ను పట్టుకునే ఏఆర్ అనే ప్రోటీన్ ఈ కణాల్లో అత్యధిక కేసుల్లో కనిపిస్తుంది కాబట్టి, అది లేదని వస్తే అసలు రోగనిర్ధారణనే మళ్లీ పరిశీలించుకోవలసి ఉంటుంది. హెర్-2 దాదాపు మూడోవంతు మందిలో ఎక్కువగా ఉంటుంది. అలాంటివారికి వ్యాధి ఊపిరితిత్తులకో ఎముకలకో చేరినప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్, ఏఆర్ ఉన్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే బికాలుటమైడ్ వంటి మందులు ఉపయోగపడవచ్చు. ఆ రోజున, ఆయాసంతో మంచం పట్టిన మనిషిని పక్కన పెట్టుకొని ఈ పరీక్షలకు కావలసిన పాత బ్లాకుల (గడ్డ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెల) కోసం ల్యాబుల చుట్టూ తిరగడం ఎంత కష్టమో నేను చూశాను. మైనం బ్లాకులను ఏ ల్యాబూ శాశ్వతంగా దాచిపెట్టదు.

హన్మకొండ నుంచి, రోగి బంధువు:
నిర్ధారణ కోసమన్న మాట నాకు తట్టలేదు, మేడమ్. అయితే పాజిటివ్ అని రాగానే మందు మొదలుపెట్టేస్తారేమోనన్నదే నా భయం. ట్రాస్టుజుమాబ్ గుండెను బలహీనపరచవచ్చని మా ఇంట్లో చూసినవాణ్ణి.

కరీంనగర్ నుంచి, పాథాలజీ వైద్యురాలు:
ఆ భయం సరైనదే. అందుకే ఆ మందుకు ముందు, మధ్యమధ్యలో కూడా గుండె ఎకో తీస్తారు. పరీక్ష చేయించడం వేరు, మందు మొదలుపెట్టడం వేరు. రెండోది ఆంకాలజీ డాక్టర్లు కూర్చొని తేల్చాలి. బాబూ, బ్లాకులూ స్లైడులూ రెండూ అడిగి తీసుకోండి, అవి మీ బాపువే.

పరకాల నుంచి, కుమారుడు:
సోమవారం బ్లాకులు తీసుకొని, ఆ మర్నాడే హైదరాబాద్ బయలుదేరుతున్నాం. పరీక్ష ఫలితం రాకున్నా రేడియేషన్ తేదీని వదులుకోము.