కొట్టు ముందు నిలబడితేనే ఆర్డరా? సేల్స్ యాప్‌లో లొకేషన్ తాళం మీద చర్చ

గంటస్తంభం_పక్కన · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విజయనగరంలో సబ్బులు, నూనెలు, బిస్కెట్ల పంపిణీ మాది. తొమ్మిది మంది సేల్స్‌మన్లు, ఎనిమిది వందల దాకా కొట్లు. మేము వాడే ఆర్డర్ల యాప్‌లో ఏం మార్చమంటారని దాన్ని తయారుచేసినవాళ్ళు అడుగుతున్నారు. ఈ ఏడాదికి ఒక్క మార్పుకే నా దగ్గర డబ్బుంది.

మొదటిది లొకేషన్ తాళం. కొట్టుకు యాభై మీటర్ల లోపల ఫోను ఉంటేనే ఆర్డరు పేజీ తెరుచుకుంటుంది. రెండోది, సిగ్నల్ లేకపోయినా యాప్ మొత్తం పనిచేయడం. ఇప్పుడైతే సిగ్నల్ పోతే తెల్లటి తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది.

నా మొగ్గు తాళం వైపే. పోయిన నెల ఒక గురువారం మెంటాడ బీటులో, అంటే ఆ రోజు తిరగాల్సిన కొట్ల వరసలో, మా కుర్రాడు ముప్పై రెండు కొట్లు తిరిగినట్టు రిపోర్టు వచ్చింది. సమయాలు చూద్దును కదా, మధ్యాహ్నం 1:12 నుంచి 1:40 లోపల ముప్పై రెండూ అయిపోయాయి. ఇరవై ఎనిమిది నిమిషాల్లో ముప్పై రెండు కొట్లు! అన్నిటికీ ఒకటే మాట: ‘ఆర్డరు లేదు’. పెట్రోలు డబ్బులు మాత్రం పూర్తిగా రాసుకున్నాడు. అతన్ని ఇంకా ఏమీ అడగలేదు. మీ అనుభవం చెప్పండి.

మందస_కోవా · రాత్రి 10:05

అయ్యా, నేను పలాస నుంచి మందస, హరిపురం వైపు తొమ్మిదేళ్ళుగా లైను తిరుగుతున్నాను. మహేంద్రగిరి కొండల కిందికి వెళ్ళేకొద్దీ ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఒక ఊళ్ళో కొట్టు గడప దగ్గర సిగ్నల్ ఉండదు. రెండు వందల అడుగులు నడిచి చెరువు గట్టెక్కితే వస్తుంది. కొట్టాయన చెప్పిన ఆర్డరు చెవిన వేసుకుని, గట్టెక్కి నొక్కుతాను. మీరు తాళం బిగిస్తే ఆ గట్టు మీద నేను దొంగనవుతాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా మీద పడ్డప్పుడు కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి, ఫోన్లు మూగబోయాయి. కొవ్వొత్తులకు, అగ్గిపెట్టెలకు, బిస్కెట్లకు కొట్లవాళ్ళు దారికాచి కూర్చున్నారు. అప్పటికే మాకు యాప్ ఉంది. అది తెరుచుకోలేదు. పది రూపాయల రూళ్ళ పుస్తకంతో పదిహేను రోజులు పని నడిపాను. ఆ పుస్తకం ఇప్పటికీ సంచిలోనే ఉంటుంది, దాన్ని మార్చే ధైర్యం ఇంతవరకు ఏ యాప్ ఇవ్వలేదు.

వంశధార_ఒడ్డు · రాత్రి 10:18

చెరువు గట్టు కథ బాగుంది. సూపర్‌వైజరుగా నా కథ కూడా ఒకటి వినండి. ఒకాయన నకిలీ లొకేషన్ చూపించే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, ఆమదాలవలసలో సొంత ఇంట్లో పడుకుని టెక్కలి బీటు మొత్తం తిరిగేశాడు. ఫ్యాను కింద నుంచి కదలకుండా నెల రోజులు పెట్రోలు డబ్బులు తీసుకున్నాడు. నిజంగా తిరిగేవాడికి తాళమంటే భయమెందుకు? పంపిణీదారు జేబులో డబ్బు ఎవరి చెరువు గట్టూ కాదు.

పొందూరు_నూలు · రాత్రి 11:02

నేను హైదరాబాదులో ఇలాంటి యాప్‌లే రాస్తుంటాను, సొంతూరు పొందూరు. రెండు పక్షాలకూ తెలియాల్సినవి కొన్ని చెబుతాను.

ఉపగ్రహాల నుంచి లొకేషన్ తీసుకోవడానికి టవరు సిగ్నల్ అక్కర్లేదు. సిగ్నల్ లేకపోతే మొదటిసారి చోటు పట్టుకోవడం ఆలస్యమవుతుంది, అంతే. కాబట్టి చెరువు గట్టు బాధ తాళం వల్ల వచ్చేది కాదు, ఆర్డరును అక్కడికక్కడే ఫోనులో దాచుకోలేని యాప్ వల్ల వచ్చేది. ఫోనులో దాచుకుంటే లొకేషనూ సమయమూ కొట్టు దగ్గరివే పడతాయి, పంపడం మాత్రం సిగ్నల్ దొరికినప్పుడు జరుగుతుంది. అంటే గంటస్తంభం గారూ, మీ రెండో మార్పు లేకుండా మొదటిది వేస్తే పునాది లేకుండా పైకప్పు వేసినట్టే.

ఇక యాభై మీటర్ల సంగతి. ఆరుబయట ఆకాశం కనిపించే చోట ఫోను ఐదు మీటర్ల లోపు తేడాతో చూపిస్తుంది. ఇరుకు సందులో, రేకుల కింద ఆ తేడా పదుల మీటర్లకు పెరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోను తన లొకేషన్‌తో పాటు ‘ఇంత మీటర్ల లోపల ఉన్నాను’ అని ఒక అంకె కూడా ఇస్తుంది. ఆ అంకెకు అర్థం చాలామందికి తెలియదు. మనిషి ఆ వలయం లోపల ఉండే అవకాశం 68 శాతమని మాత్రమే. మూడు సార్లలో ఒకసారి బయట ఉన్నా ఫోను తప్పు చెప్పినట్టు కాదు. దాని మీద ఒకరి జీతం కోస్తారా?

వంశధార గారి నకిలీ లొకేషన్ విషయం నిజమే. అలాంటిది వాడితే ఆండ్రాయిడ్ ఆ సంగతి యాప్‌కు చెబుతుంది, చాలా యాప్‌లు ఆ మాటను పట్టించుకోవు. ఫోనునే లోపల మార్చేసినవాణ్ణి మాత్రం పట్టుకోవడం కష్టం. తాళం బద్ధకస్థుణ్ణి ఆపుతుంది, ఆరితేరినవాణ్ణి ఆపదు.

వంశధార_ఒడ్డు · రాత్రి 11:10

నా దగ్గర ఉన్నవాళ్ళు ఎక్కువమంది బద్ధకస్థులే. చాలు.

నరసన్నపేట_కొట్టు · సోమవారం మధ్యాహ్నం 2:30

బాబులూ, నిన్న రాత్రి నుంచి అందరూ కొట్టు గురించే మాట్లాడుతున్నారు. ఆ కొట్టులో కూర్చునేదాన్ని నేను. మధ్యాహ్నం బేరాలు తక్కువ, అందుకే రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే అబ్బాయి పాపం మంచివాడే. కానీ తల ఎత్తడు. లోపలికి రాగానే ఫోను పైకెత్తి నా అలమరకు ఒక ఫొటో తీస్తాడు. ఎందుకు బాబూ అంటే ‘కంపెనీకి కావాలమ్మా’ అంటాడు. తరవాత ఏదో నొక్కుతాడు, వెనక్కి వెళ్తాడు, మళ్ళీ నొక్కుతాడు. అంతలో నా దగ్గరికి ముగ్గురు బేరగాళ్ళు వచ్చి వెళ్ళిపోతారు. పోయిన చలికాలంలో రెండు పెట్టెల సబ్బులు చెబితే నాలుగు దిగాయి. సిగ్నల్ లేక రెండుసార్లు నొక్కాడట, రెండూ వెళ్ళాయట. మిగిలిన రెండు పెట్టెలు నా స్టూలు కింద నెల రోజులు ఉన్నాయి, మోకాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేకుండా.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి సబ్బులు, తలనూనె, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి కదా. ఆ వారం అతని ఫోనులో పాత రేటు, బిల్లులో కొత్త రేటు. బిల్లు తక్కువ వచ్చింది కాబట్టి నేను నోరు మూసుకున్నాను. రేపు తిరగబడి వస్తే? అప్పటి నుంచి అతను ఫోను చూసి ఏ రేటు చెప్పినా నేను బిల్లు వచ్చేదాకా నమ్మడం మానేశాను.

అతను నా కొట్టుకు ఎంత దూరంలో నిలబడ్డాడో మీకు కావాలి. నా పాత బాకీ ఎంతో, నేను తిరిగిచ్చిన గడువు దాటిన బిస్కెట్ల డబ్బు ఎప్పుడు కలుస్తుందో నాకు కావాలి. ఆ రెండూ అతని ఫోనులో లేవు. ‘ఆఫీసులో అడిగి చెబుతానమ్మా’ అంటాడు. అలాంటప్పుడు ఆ ఫోను ఎందుకు మోస్తున్నట్టు?

పొందూరు_నూలు · సోమవారం మధ్యాహ్నం 3:05

అమ్మా, నాలుగు పెట్టెల పాపం మా వృత్తి వాళ్ళది. ఆర్డరుకు నంబరు సర్వరు ఇస్తే, జవాబు రాక రెండోసారి నొక్కినప్పుడు రెండో నంబరు పుడుతుంది. ఫోనే ముందుగా నంబరు పెట్టి పంపితే ఎన్నిసార్లు నొక్కినా సర్వరు ‘ఇది వచ్చేసింది’ అని ఒక్కటిగానే లెక్కేస్తుంది. పెద్ద ఖర్చు కూడా కాదు. అడిగేవాళ్ళు లేక చేయరు.

అరసవల్లి_ఎండ · సోమవారం సాయంత్రం 6:20

ముప్పై ఏళ్ళు ఈ రంగంలో ఉండి ఏరియా మేనేజరుగా దిగిపోయాను. కార్బన్ కాగితం ఆర్డరు పుస్తకాల నుంచి ఈ యాప్‌ల దాకా అన్నీ చూశాను. నాకు తాళమూ వద్దు, ఇంకోటీ వద్దు. ముందు యాప్‌లో కొట్ల జాబితా సరిగ్గా ఉందో లేదో చూడండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల మా జాబితాలో ఒకే వెంకటేశ్వర కిరాణా మూడు కొట్లుగా ఉండేది. శ్రీ అన్న ఒక్క అక్షరాన్ని ఇంగ్లీషులో ముగ్గురు కుర్రాళ్ళు మూడు రకాలుగా రాశారు. వెంకటేశ్వరలో హెచ్ ఒకరు పెట్టారు, ఒకరు మింగారు. ఒకే యజమాని బాకీ మూడు ముక్కలైంది. ఒక పేరు మీద పరిమితి దాటితే ఇంకో పేరు మీద సరుకు దించేవారు, ఆయన కూడా ఎరగనట్టు దించుకునేవాడు! కొట్టుకు గుర్తు పేరు కాకూడదు, యజమాని ఫోను నంబరు కావాలి. పేరు తెలుగులో రాసే వీలుండాలి. తెలుగులో మాటతో రాయించడం ఫోన్లలో ఎప్పుడో వచ్చింది, సేల్స్ యాప్‌కు మాత్రం ఇంకా ఇంగ్లీషు కీబోర్డే గతి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం విజయనగరానికి పోయింది, పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది. మా యాప్‌లో ఏడాది దాకా రెండూ శ్రీకాకుళంలోనే ఉన్నాయి. విజయనగరం కుర్రాడు రాజాంలో అమ్మిన సరుకు శ్రీకాకుళం లెక్కలో పడి, అతని ఇన్సెంటివ్ పోయింది. అతను చెప్పుకుంటే పైవాళ్ళ జవాబు: ‘సిస్టంలో అలాగే ఉంది’.

ఇందాక ఆ తల్లి చెప్పిందే అసలు మాట. పాత ఆర్డరు పుస్తకంలో వెనక్కి తిప్పితే పోయిన వారం ఏం ఇచ్చామో సేల్స్‌మన్‌కు కనిపించేది. యాప్ వచ్చాక అతను పైకి పంపడమే కానీ అతనికి తిరిగి వచ్చేది ఏమీ లేదు. తనకు పనికిరాని గడులు ఎవడు నిజాయితీగా నింపుతాడు?

వంశధార_ఒడ్డు · సోమవారం సాయంత్రం 6:45

పెద్దవారు, కాదనలేను. కానీ జీతమిచ్చేది నింపడానికే కదండీ.

మందస_కోవా · సోమవారం రాత్రి 9:15

అన్నయ్యా, రోజంతా మనిషి ఎక్కడున్నాడో చూడటం చట్టానికి విరుద్ధం కాదా? 2023లో సమాచార రక్షణ చట్టం వచ్చిందని మా అబ్బాయి అంటున్నాడు.

పొందూరు_నూలు · సోమవారం రాత్రి 9:40

చట్టం ఉంది, కానీ మీరనుకున్నంత అండ అందులో లేదు. ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి లేకుండానే వాడుకునే వీలు ఏడో సెక్షన్ ఇస్తోంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, యజమానుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంతకంటే దగ్గరి దారి మీ ఫోనులోనే ఉంది. ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న అనుమతి ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది. ఆర్డరు వేళ మ్యాపు మీద ఒక్క చుక్క చాలు, రోజంతా గీత గీయనక్కర్లేదు. పైగా గీత గీసే యాప్ సాయంత్రానికి బ్యాటరీ తాగేస్తుంది. ఆఖరి పది కొట్లకు ఫోనే ఉండదు.

మందస_కోవా · సోమవారం రాత్రి 10:02

మంచిది. ఇక గంటస్తంభం గారికి ఒక మాట. నేను కూడా ఒకేచోట కూర్చుని ఇరవై కొట్లు నొక్కాను, ఒకసారి కాదు. ఉదయమంతా తిరిగి, పుస్తకంలో రాసుకుని, సిగ్నల్ ఉన్న హోటలు దగ్గర అన్నం తింటూ ఎక్కించాను. మా రిపోర్టులోనూ సమయాలు అలాగే వరసగా పడతాయి. సిగ్నల్ పోతే మీ యాప్ తెరుచుకోదని మీరే రాశారు. ఆ కుర్రాణ్ణి తిట్టేముందు అతని పుస్తకం అడగండి.

గంటస్తంభం_పక్కన · మంగళవారం రాత్రి 8:50

అడిగాను. మందస గారు చెప్పినట్టే సంచిలోంచి పుస్తకం తీశాడు. చెమటకు అట్ట మెత్తబడిపోయింది. ఆ గురువారం పేజీలో వరసగా కొట్ల పేర్లు, పక్కన ‘ముసలాయన లేడు’, ‘పాత సరుకు ఉంది’, ‘శనివారం రమ్మన్నాడు’, ఒకచోట ‘మనమీద కోపం, డ్యామేజి డబ్బు రాలేదు’. యాప్‌లో వీటన్నిటికీ ఒకే బొత్తాం: ఆర్డరు లేదు. ఆ డ్యామేజి కోపం గురించి నాకు ఇవాళ్టిదాకా తెలియదు. ఆ కొట్టుకు బుధవారం నేనే వెళ్తున్నాను.

లెక్కపెట్టాను. పుస్తకంలో పందొమ్మిది కొట్లున్నాయి. యాప్‌లో ముప్పై రెండు.

వంశధార_ఒడ్డు · మంగళవారం రాత్రి 8:58

పదమూడు అబద్ధాలు! నేనేం చెప్పాను?

మందస_కోవా · మంగళవారం రాత్రి 9:01

పందొమ్మిది నిజాలు. అవి మీ తాళానికి కనిపించేవి కావు. ముప్పై కొట్లు దాటకపోతే ఆ రోజు హాజరు పడదని ఆ కుర్రాడికి నియమం ఉందేమో కూడా కనుక్కోండి.

గంటస్తంభం_పక్కన · మంగళవారం రాత్రి 9:30

ఉంది. ముప్పై అని పెట్టింది నేనే, రెండేళ్ళ క్రితం. పట్టణం బీట్లు చూసి పెట్టాను, మెంటాడ వైపు ఊరికీ ఊరికీ మధ్య దూరం లెక్కలోకి తీసుకోలేదు.

ఇవాళ సాయంత్రం మా గంటస్తంభం బజారులో ఒక కొట్టు లోపల నిలబడి నా ఫోనులో మ్యాపు తెరిచి చూశాను. నీలం చుక్క పక్క సందులో బట్టల కొట్టు మీద వాలి, కాసేపు ఊగి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నేను కదల్లేదు.

సిగ్నల్ లేకుండా పనిచేసే మార్పుకే డబ్బు పెడతానని వాళ్ళకు రాశాను. ఆర్డరుకు నంబరు ఫోనే పెట్టాలనీ, కొట్టు బాకీ, గడువు దాటిన సరుకు లెక్క సేల్స్‌మన్‌కు కనిపించాలనీ అందులోనే కలపమన్నాను. కలిపితే ఇంకో మార్పు డబ్బు కూడా అడుగుతారేమో, తెలిశాక చెబుతాను. ఆర్డరు వేళ ఒక్క చుక్క ఉంటుంది, తాళం లేదు. వంశధార గారూ, పదమూడు కొట్ల పెట్రోలు మాత్రం కోశాను.

నరసన్నపేట_కొట్టు · మంగళవారం రాత్రి 9:48

బాబూ, ఆ ఫొటో తీయడం కూడా మానిపించమని రాయండి. మా అలమర వెనకే వంటిల్లు.