సమస్యాపూరణం: “పడినవాఁడె గెలిచెఁ బందెమందు”

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం; పై మూడు పాదాలు మీరు పూరించాలి. దత్తాంశం ప్రష్యా అశ్వసేనాని బ్లూషర్ (1742–1819) జీవితం. పొగడ్త ఒక్కటే చాలదు, ఏ ఘట్టమో పద్యంలో తెలియాలి.

పూరణ 1
గుఱ్ఱ మొరగి మీదఁ గూలినన్ ముదుసలి
రేఁగి లేచి మరల రెండునాళ్ళ
వచ్చె సేనఁ గూర్చి వాటర్లు పోరికి!
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

నిర్వాహకుడు: ధార చక్కగా ఉంది. 1815 జూన్ 16న నెపోలియన్ సేనతో లిన్యీలో జరిగిన పోరులో గుర్రం కూలి మీద పడితే 72 ఏళ్ల బ్లూషర్ దాని కింద చిక్కాడు. ఫ్రెంచి రౌతులు గుర్తుపట్టకుండానే పక్కనుంచి దూసుకుపోయారు. 18న నెపోలియన్ ఓడిన వాటర్లూ పోరు. ఆ పేరును ‘వాటర్లు’ అని హ్రస్వం చేసి త-గణంలో (రెండు గురువులు, ఒక లఘువు) ఇమిడ్చిన తీరు నచ్చింది.

సభ్యుడు: ‘సేనఁ గూర్చి’ సరికాదేమో గురువుగారూ. ఆయన జాడ తెలియని ఆ రాత్రి సేనను వావ్ర్ ఊరి వైపు మళ్లించింది ఆయన ముఖ్య సహాయకాధికారి గ్నైజెనౌ కదా!

నిర్వాహకుడు: మంచి పట్టు పట్టారు. ‘సేన నడిపి’ అంటే గణాలూ సరిపోతాయి, చరిత్రా నిలుస్తుంది. మిత్రుడైన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కిచ్చిన మాట కోసం ఒంటి నొప్పులతో గుర్రమెక్కి, బురదదారుల్లో దళాలను నడిపించింది బ్లూషరే. సాయంత్రం ప్లాన్స్‌న్వా ఊరి దగ్గర ఆ సేన నెపోలియన్ కుడిపక్కను పొడిచింది కాబట్టే ‘గెలిచె’ అనగలుగుతున్నాం.

పూరణ 2
స్వీడు దళములోనఁ జేరిన బాలుండు
పట్టువడియెఁ దుదకుఁ బ్రష్యనులకు;
వారి కొలువుఁ జేరి వారినే నడిపెను!
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

నిర్వాహకుడు: ఎవరూ తలవని ఘట్టం! 1758లో స్వీడన్ హుస్సార్లలో (తేలికపాటి అశ్వదళంలో) చేరి, 1760లో ప్రష్యన్లకు చిక్కి, వారి అధికారి బెల్లింగ్ దళంలో కుదురుకున్నాడు. అయితే ‘పడిన’ పదానికి మూడో పాదంలో ఊతం చాలదు. “వారి చేతఁ బడియు వారినే నడిపెను” అంటే అన్వయం బిగుస్తుంది.

పూరణ 3
రాటెకౌన లొంగె లోపించి యన్నమ్ము
తూటలైన లేక తుదకు నాఁడు;
నేఁడు పారిసందు నిలిచెఁ దా దర్పాన!
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

నిర్వాహకుడు: భావంలో మూడింటికీ ఇదే మిన్న. 1806 నవంబరు 7న రాటెకౌ ఊళ్లో ఫ్రెంచి సేనకు, రొట్టె, మందుగుండు లేకనే లొంగుతున్నానని ఒప్పందపత్రం మీద రాసి మరీ సంతకం పెట్టిన మనిషి! కానీ మొదటి పాదంలో రా–లో యతి (అక్షరమైత్రి) చెల్లదు. “లొంగె రాటెకౌన” అని మాటలు తారుమారు చేస్తే చాలు.

1773లో బ్లూషర్ పదోన్నతి దక్కక కొలువు వదిలి, సేద్యం చేసుకుని, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పోయాక 1787లో మళ్లీ హుస్సార్లలో చేరిన ఘట్టం ఇంకా మిగిలే ఉంది. దానిమీద పూరణ కోసం ఎదురుచూస్తాను.