అప్‌డేట్: ఆన్ చేయగానే ఆఫ్ అయిపోయే డిజిటల్ కెమెరా బాగైంది

పెన్సిల్ సెల్స్‌తో నడిచే నా చవక డిజిటల్ కెమెరా, కొత్త సెల్స్ వేసినా లెన్స్ బయటికి రాగానే 'బ్యాటరీ అయిపోయింది' అని ఆగిపోతోందని అడిగాను కదా. ఇప్పుడు బాగైంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక రిపేర్ షాపులో చూపించాను. షాపాయన బ్యాటరీ మూత తెరిచి టార్చి వేస్తే, లోపలి రేకు అంచున తెల్లటి పొడి, కాస్త పచ్చగా చిలుము కనిపించాయి. ఎప్పుడో సెల్ కారిందట. ముందు వెనిగర్ అద్దిన ఇయర్‌బడ్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాడు.

అయినా ఆల్కలైన్ సెల్స్‌తో (రీచార్జ్ చేయలేని మామూలు పెన్సిల్ సెల్స్) నాలుగు ఫ్లాష్ ఫోటోలు తీసేసరికి మళ్లీ అదే గోల. ఇక్కడ ఒకరు చెప్పిన నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ వేశాకే పూర్తిగా దారికొచ్చింది. వాటి వోల్టేజ్ ఆల్కలైన్‌లా 1.5 కాదు, 1.2 మాత్రమే, మరి ఇంకా త్వరగా ఆగిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ లెన్స్ మోటారు, ఫ్లాష్ ఒక్కసారిగా కరెంటు లాగితే ఆల్కలైన్ వోల్టేజ్ దిగిపోతుంది, ఇవి తట్టుకుంటాయి. మెనూలో బ్యాటరీ రకం ఆప్షన్ ఉంటే అదీ మార్చండి.

మెమరీ కార్డు ఫార్మాట్, సెట్టింగ్స్ రీసెట్‌లకు దీనితో సంబంధమే లేదు. లెన్స్ మోటారు మార్పించాలన్న టెన్షన్ కూడా వృథా.