బర్మా కెంపు తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మాది విజయనగరం. మా అమ్మాయికి కెంపు ఉంగరం పెట్టించమన్నారు సిద్ధాంతిగారు. గంటస్తంభం దగ్గర ఒక షాపతను బొబ్బరగింజంత రాయి చూపించి, "అసలైన బర్మా సరుకండీ, మొగోక్ గనులది" అన్నాడు. టార్చి వేస్తే నిప్పుకణికలా వెలిగింది, కాదనను. బిల్లులో మాత్రం ఏ దేశానిదో రాయడట.

మా తాతగారు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి కూలి చేసి వచ్చినాయనే. బర్మా అంటే మా ఇంట్లో చుట్టరికం లెక్క. అందుకే మనసొప్పడం లేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. ఏప్రిల్‌లో అమెరికా ఆ దేశపు ప్రభుత్వ రత్నాల సంస్థ మీద ఆంక్షలు పెట్టింది, ఆ డబ్బు సైన్యానికి పోతోందనే. ఇదంతా చెబితే షాపతను "కింబర్లీ సర్టిఫికెట్ ఇప్పిస్తాను" అంటాడు! వజ్రాల డబ్బు తిరుగుబాటుదారుల యుద్ధాలకు చేరకుండా 2003లో మొదలైన ఆ పద్ధతి ముడి వజ్రాలకే కదా, కెంపుకెక్కడిది?

ల్యాబులో ఏ దేశపు రాయో రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎంతయింది? దేశం తెలిసినా, ఎప్పుడు తవ్వారో తేలుతుందా? మా అత్తగారి పాత దుద్దుల్లో కెంపులున్నాయి, తీసి పొదిగిద్దామంటే "వాడిన రాయి పనికిరాదే" అంటున్నారావిడ. అది నిజమేనా? రెండువేలు అడ్వాన్సు ఇచ్చేశాను, ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.