తల్లిలేని వేలం దూడను తెచ్చి పెంచడం: తెలివా, తొందరపాటా?

కొత్తకొట్టం:
నిన్న వేలంలో ఒక పెయ్యను చూశాను. తల్లి లేదు. పుట్టి ఎన్నాళ్లయిందంటే అమ్మేవాడు ఒకసారి నాలుగు రోజులన్నాడు, ఇంకోసారి వారమన్నాడు. నిలబడే ఉంది గానీ చెవులు వేలాడేసింది, ఎవరూ పాట పెంచట్లేదు. చెయ్యెత్తబోయి ఆగిపోయాను, రాత్రంతా అదే కళ్లలో మెదిలింది. వచ్చే వారం మళ్లీ వేలం ఉంది. ఇంట్లో ఇప్పటికే రెండు ఆవులున్నాయి. ఇలాంటి దూడను తెస్తే నిజంగా మంచి ఆవు అవుతుందా, లేక డబ్బిచ్చి ఏడుపు కొనుక్కోవడమేనా? వద్దనేవాళ్లు ఎందుకు వద్దో కూడా చెప్పండి.

పాతకాపు:
కొనొద్దు తమ్ముడూ. ఎందుకో అడిగావు కాబట్టి చెప్తున్నా. మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి కొంత రోగనిరోధకశక్తి వస్తుంది, దూడకు రాదు, ఆవు మాయ (కడుపులో దూడను తల్లితో కలిపేది) రోగంతో పోరాడే యాంటీబాడీలను దాటనివ్వదు. జున్నుపాలలో వచ్చేదే దానికి దిక్కు. అది కూడా మొదటి కొన్ని గంటల్లోనే తాగాలి, రోజు దాటితే పేగు వాటిని రక్తంలోకి పోనివ్వదు, ఆ తర్వాత బకెట్లకు బకెట్లు పోసినా ఆ లోటు తీరదు. నువ్వు చూసిన పెయ్య తాగిందో లేదో ఎవరికి తెలుసు? అమ్మేవాణ్ణి అడిగితే "ఫుల్లుగా తాగిందండీ" అంటాడు, ఇంకేమంటాడు. పైగా బండి ప్రయాణం, ఆకలి, ఎక్కడెక్కడి దూడలో మూతులు పెట్టిన కంచె. నేను రెండుసార్లు తెచ్చాను, రెండూ పది రోజులు దాటలేదు.

పెయ్యమ్మ:
పాతకాపు గారు చెప్పిన జున్నుపాల మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ "కొనొద్దు" అనేదాంతో ఒప్పుకోను. మా దగ్గర ఇప్పుడు రెండో ఈతలో ఉన్న ఆవు వేలం దూడే.

తెచ్చిన నాలుగో రోజు పారుడు మొదలైంది, పసుపుపచ్చగా నీళ్లలా. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి కదా, దానికి మడత అలాగే నిలబడిపోయింది. కనుగుడ్డుకీ రెప్పకీ మధ్య సందు కనిపించింది. అప్పుడర్థమైంది, చాలాసార్లు దూడను చంపేది పారుడు తెచ్చిన క్రిమి కన్నా ముందు ఒంట్లో నీళ్లు, ఉప్పులు పోవడమేనని. పొద్దున, సాయంత్రం పాలు, మధ్యలో రెండు పూటలు ఎలక్ట్రోలైట్ నీళ్లు, అంటే పోయిన ఉప్పుల్ని తిరిగిచ్చే నీళ్లు. పాలల్లో కలపకూడదు, వేరేగా ఇవ్వాలి. అది లేచి నా చెయ్యి నాకిన రోజు కొట్టంలోనే కూర్చుని ఏడ్చాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

పాతకాపు:
పారుతుంటే పాలు పోశారా? మా పెద్దవాళ్లు రెండు రోజులు పాలు ఆపేసేవాళ్లు.

పెయ్యమ్మ:
మా అత్తగారూ అదే అన్నారు, ఆ రోజు ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. పాలు ఆపితే పారుడు తగ్గినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే బయటికి రావడానికి లోపల ఏమీ ఉండదు. కానీ అసలే కొవ్వు లేని ఒళ్లు, తిండి కూడా ఆపితే వేడి ఎక్కడి నుంచి వస్తుంది? పేగు బాగుపడటానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? మా డాక్టర్ గారు పాలు ఆపొద్దన్నారు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమన్నారు. చప్పరించే ఓపిక కూడా లేకుండా పడిపోయిన దూడ సంగతి వేరు, దానికి నరానికి సెలైన్ ఎక్కించాల్సిందే. మన నాటు వైద్యాలు అక్కడ పనిచేయవు.

ఇంకోటి, తొందరలో దూడ తల పైకెత్తి నోట్లో పాలు పోసేస్తారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలపీక తల్లి పొదుగు ఉండే ఎత్తులో పట్టుకోవాలి. చప్పరిస్తేనే లోపల ఉన్న గాడి గొట్టంలా మూసుకుని పాలు నేరుగా అవి అరిగే నాలుగో పొట్టకు చేరతాయి.

నెమరు:
పశువైద్యశాలలో పనిచేస్తాను. ఇద్దరూ మొదటి నెల గురించే కొట్టుకుంటున్నారు. అడిగింది "ఆవు అవుతుందా" అని.

జున్నుపాలు తాగిందో లేదో అమ్మేవాణ్ణి అడగక్కర్లేదు, రక్తాన్ని అడగొచ్చు. మొదటి వారంలో అయితే సీరం ప్రోటీన్, అంటే రక్తపు తేటలో ఉన్న ప్రోటీన్, చూస్తాం. జున్నుపాల యాంటీబాడీలూ ప్రోటీన్లే. డెసిలీటరుకు 5.5 గ్రాములకు పైన ఉంటే ధైర్యం, 5 లోపు ఉంటే తాగనట్టే లెక్క. కాకపోతే ఒంట్లో నీళ్లు తగ్గిన దూడకు ఈ అంకె దొంగగా ఎక్కువ చూపిస్తుంది.

తర్వాత, అది కవల అయితే? కోడెదూడతో కలిసి పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభై పైగా గొడ్డుమోతులే. కడుపులో ఇద్దరి రక్తం కలిసి, కోడె హార్మోన్లు పెయ్య గర్భసంచిని ఎదగనివ్వవు. పైకి ఏమీ తెలియదు, రెండేళ్లు మేపాక తెలుస్తుంది. చిన్నప్పుడే శుభ్రమైన, మొన నున్నటి సన్నని గొట్టానికి జెల్లీ రాసి యోనిలోకి మెల్లగా పంపితే మామూలు పెయ్యలో 12 నుంచి 15 సెంటీమీటర్లు పోతుంది, గొడ్డుదానిలో 5 నుంచి 8 దగ్గర ఆగిపోతుంది. డాక్టరు చేత చేయించండి. అనుమానముంటే రక్త పరీక్ష ఉంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇంట్లో ఉన్న ఆ రెండు ఆవుల గురించి. బీవీడీ అని పశువులకు పారుడు తెచ్చే వైరస్ ఒకటుంది. అది తల్లి కడుపులో ఉండగానే అంటుకున్న దూడ పైకి బాగానే ఉండి బతికినంత కాలం వైరస్‌ను వదులుతూనే ఉంటుంది. చెవి తునక తీసి పరీక్షిస్తే దొరికిపోతుంది. జోన్స్ వ్యాధి (పేగులకు పట్టి పశువును చిక్కిపోయేలా చేసే జబ్బు) అంత తేలిగ్గా దొరకదు. చిన్నప్పుడే అంటుకుంటుంది, బయటపడేది సాధారణంగా రెండేళ్ల తర్వాత, దూడ వయసులో నమ్మదగ్గ పరీక్ష లేదు. ఆ ఒక్క విషయంలో పాతకాపు గారి భయానికి నా దగ్గర జవాబు లేదు.

పాతకాపు:
హమ్మయ్య, ఒక్కరైనా ఒప్పుకున్నారు.

పెయ్యమ్మ:
ఒప్పుకున్నది సగమే బాబాయ్ 😄 మేము 30 రోజులు వేరే పాకలో ఉంచాం. దాని బకెట్, దాని గడ్డి, దాని చెప్పులు (అంటే నా చెప్పులే, ఆ పాకలోకి మాత్రమే వేసుకునేవి). ముందు మా ఆవుల పని చేసుకుని చివర్న దాని దగ్గరికి వెళ్లేదాన్ని. చేతులు కడగకుండా పిల్లల్ని ముట్టుకునేదాన్ని కాదు, దూడ పారుడు మనుషులకూ అంటుకోవచ్చు. మొదటి వారం నుంచే గుప్పెడు దాణా, పక్కన మంచినీళ్లు. వరుసగా మూడు రోజులు కిలో చొప్పున దాణా తిన్నాకే పాలు మాన్పించాం, తొమ్మిదో వారమైంది. 15 నెలలకు చూడి కట్టించాం, పెద్ద ఆవు బరువులో అరవై శాతం వచ్చాకే. రెండేళ్లు దాటాక ఈనింది.

లాభమా అని అడిగితే కాదు. అంత ఖర్చులో ఎదిగిన పెయ్యే వచ్చేది.

కొత్తకొట్టం:
వారం తర్వాత రాస్తున్నా. ఆ పెయ్య మళ్లీ రాలేదు. ఇంకోటి ఉంది, బొడ్డు ఎండింది, వాపు లేదు, వేలు నోట్లో పెడితే గట్టిగా చప్పరించింది. చెయ్యెత్తేశాను. కొట్టానికి అవతల, తోట చివర కొత్త పాక వేశాను. ప్రోటీన్ 5.6 వచ్చింది. గొట్టం 14 దాకా పోయింది. చెవి తునక ఫలితం ఇంకా రాలేదు.

పాతకాపు:
కళ్లు గుంటలు పడి ఉన్నాయా? ఎండిన దూడైతే ఆ 5.6 నమ్మొద్దని నెమరు గారు చెప్పారుగా.

కొత్తకొట్టం:
లేదు బాబాయ్. మెడ చర్మం వదలగానే సర్దుకుంటోంది.

పాతకాపు:
సరే. సాయంత్రం ఎన్ని లీటర్లు తాగిందో, పేడ ఎలా వేసిందో ఇక్కడే రాయి. ఫోటో కూడా పెట్టు, పేడది.