కాటమయ్య రక్షణ కిట్టు: మోకుతో ఎక్కేవాళ్లకు అవసరమా, అడ్డమా?

వనంపిల్లగాడు
అందరికీ నమస్కారం. మాది భువనగిరి దగ్గర పల్లె. మా మామతో కలిసి మోకుతో, అంటే చెట్టునూ మననూ కలిపి చుట్టుకునే తాడుతో ఎక్కి, కల్లు కోసం 11 తాటిచెట్లు గీస్తాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడకుండా కిట్లు ఇచ్చే ఈ కాటమయ్య రక్షణ కవచం పథకం మొదలుపెట్టారు కదా, తర్వాత మా కల్లు గీత సొసైటీకి కూడా వచ్చింది. శిక్షణ ఇచ్చి కిట్లు చేతిలో పెట్టారు. నడుముకూ తొడలకూ పట్టీలు, తాళ్లు, క్లిప్పులు, హ్యాండిల్, సంచి. మొదటి వారం అందరూ వేసుకున్నారు. ఇప్పుడు నేనూ ఇంకొకతనూ తప్ప మిగతావాళ్ల కిట్లన్నీ ఇంట్లో మేకుకు వేలాడుతున్నాయి. మా మామ కూడా తీసి పక్కన పెట్టాడు. వానలు పడితే బోదెలకు (చెట్టు మానులకు) పాచి పడుతుంది, నాకైతే టెన్షన్‌గా ఉంది. మీ ఊళ్లలో వేసుకుంటున్నారా? వేసుకోకపోతే ఎందుకు?

మోకుముత్తాదు
తమ్మీ, నేను 28 ఏళ్లుగా ఎక్కుతున్నాను, నల్లగొండ వైపు. మోకు వీపుకు ఆనించి వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీ, గీత కత్తి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఈ కిట్టులో తగిలించు, విప్పు, మళ్లీ తగిలించు. చెట్టుకు 5 నిమిషాలు ఎక్కువ పడుతుంది. నాకు 16 చెట్లు, రెండు పూటలు. లెక్క వేసుకో, రోజుకు రెండున్నర గంటల పైనే. ఎండ ఎక్కిందంటే కల్లు పులిసిపోతుంది, కల్లు అమ్మే మండువ దగ్గర నిలబడ్డవాళ్లు నా కోసం ఆగరు. మా తాత గీశాడు, మా నాన్న గీశాడు, నేను గీస్తున్నాను, మా ఇంట్లో ఎవరూ పడలేదు. పని వచ్చినవాడు పడడు. పని సరిగ్గా నేర్పండి ముందు, కిట్లు తర్వాత.

తాడుపని_శీను
నేను గౌడ్‌ని కాదు, కానీ నా బతుకు కూడా తాడు మీదే. హైదరాబాద్‌లో ఇళ్ల మధ్య పెద్ద చెట్లు కొమ్మ కొమ్మగా కోసి, కొమ్మను తాడు కట్టి కిందికి దింపే పని చేస్తాం. పెద్దాయనకు ఒక్క విషయం చెప్పాలి. మోకు మిమ్మల్ని చెట్టు దగ్గర నిలబెడుతుంది, అంతే, పడితే పట్టుకోదు. కాళ్లు జారాయనుకోండి, చెట్టు చుట్టూ ఉన్న వలయం మీతో పాటే బోదె మీద జారుకుంటూ వస్తుంది. తాటిచెట్టుకు పైన కొమ్మ లేదు కాబట్టి మేం చేసినట్టు పైనుంచి తాడు వేసి వేలాడే దారి కూడా లేదు. అందుకే బరువు పడగానే బోదెను బిగించి పట్టుకునే ఉచ్చు లాంటి తాడు కావాలి. తేడా అంతా అక్కడే.
ఇంకోటి, పాత నైలాన్ తాడుకు ముడులు వేసి మోకు కట్టుకునేవాళ్లను చూశాను. ముడి పడ్డ చోట తాడు బలం మూడో వంతో అంతకంటే ఎక్కువో పోతుంది. ఎండకు నైలాన్ బలం పోతుంది, పైకి మాత్రం బాగానే కనిపించొచ్చు. మీ మోకుకు ముడి ఉందా?

మోకుముత్తాదు
ముడి మా నాన్న నేర్పిన ముడి. ఇంతవరకు ఊడలేదు.

తాడుపని_శీను
ఊడటం గురించి కాదు సార్ నేను చెప్పేది, తెగడం గురించి. ముడి గట్టిగా ఉన్నా తాడు ఆ వంపు దగ్గరే తెగుతుంది.

మస్కట్_తోటలో
మాది జగిత్యాల, ఒమన్‌లో ఖర్జూరం తోటలో 9 ఏళ్లు చేశాను. అక్కడ హాబూల్ అని ఉంటుంది, అచ్చం మన మోకే, వీపు దగ్గర వెడల్పు పట్టీ, చెట్టు చుట్టూ తాడు. మొదటి రోజు చూసి మా ఊరు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మోకుముత్తాదు
చూశారా? అరబ్బులు కూడా అదే వాడుతున్నారు.

మస్కట్_తోటలో
అన్నా, ఖర్జూరం బోదెకు కోసిన మట్టల మొదళ్లు మెట్లలాగా ఉంటాయి, కాలు ఆనుతుంది. తాటిచెట్టు నున్నగా ఉంటుంది. రెండూ ఒకటి కాదు.

కోనసీమకొబ్బరి
మా కొబ్బరి దింపు వాళ్లకు కాళ్ల బంధం (పాదాలకు వేసుకునే తాడు) తప్ప ఇంకేం లేదండి. పెడళ్ల మీద నిలబడి ఎక్కే మిషన్ వచ్చింది గానీ ఒక చెట్టు నుంచి విప్పి ఇంకో చెట్టుకు బిగించేలోపు మావాడు రెండు చెట్లు దింపేస్తాడు. టైమ్ సంగతి పెద్దాయన చెప్పింది నిజమే.

వనంపిల్లగాడు
టైమ్ ఎక్కువ పడుతుంది, అబద్ధం ఎందుకు. కానీ 5 నిమిషాలు కాదు. మొదటి వారం నాకూ అంతే పట్టింది, ఇప్పుడు 2 నిమిషాలు. పట్టీలు చెట్టు చెట్టుకూ విప్పను, పొద్దున ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరతాను. టైమ్ తినేది పైన మట్టల దగ్గర మాత్రమే.

మోకుముత్తాదు
అదే కదా నేను అంటున్నది! మట్టల దగ్గర ఏం చేస్తావు? గెల అవతలి వైపు ఉంటే, లొట్టి (కల్లు కుండ) దించాలంటే, మోకు విప్పి మట్టల మీదికి ఎక్కి కూర్చోవాలి. అక్కడ నీ క్లిప్పు దేనికి తగిలిస్తావు? ఎండిపోయిన మట్టకా? కిట్టు తయారు చేసినవాళ్లు ఒక్కరైనా తాటి మట్టల మధ్య కూర్చుని చూశారా అని అడుగుతున్నాను.

తాడుపని_శీను
ఇది మంచి ప్రశ్న. ఎక్కడైనా ఎత్తు పని చేసేవాళ్లకు ఒకటే పద్ధతి, రెండోది తగిలించాకే మొదటిది విప్పాలి. మట్టకు తగిలించకూడదు, ఎండు మట్ట మనిషి బరువు మోయదు. బోదెకు, మట్టల మొదలుకు కిందుగా, ఉచ్చు బిగించి ఉంచి అప్పుడు మోకు విప్పండి. తాడు బిర్రుగా ఉండాలి, వదులు ఉంటే ఆ వదులంతా పడ్డాకే పట్టుకుంటుంది, అప్పుడు దెబ్బ మన బరువుకు ఎన్నో రెట్లు. కింద బోదె లావు, పైన సన్నం కాబట్టి కింద బిగించిన కొలతే పైదాకా వదిలేస్తే అది వదులే. ఎక్కుతూ ఎక్కుతూ సర్దుకోవాలి. ముడి సంగతి మాత్రం మీరు ఇంకా చెప్పలేదు.

మోకుముత్తాదు
ముడి, ముడి, ముడి. నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు తాటిచెట్టు ఎక్కుతావు? నేను రోజుకు 32 సార్లు ఎక్కి దిగుతాను. పని రానివాళ్లకు, తాగి ఎక్కేవాళ్లకు, పట్నంలో ఉండి సెలవులకు వచ్చి ఎక్కేవాళ్లకు కిట్టు కావాలి. ఇష్టమైనవాళ్లు వేసుకోండి. పని వచ్చినవాడు పడడు, మళ్లీ అదే చెబుతున్నాను.

జనగామబిడ్డ
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.
మా నాన్న 31 ఏళ్లు గీశారు, మీకంటే 3 ఏళ్లు ఎక్కువ. 2017లో పడ్డారు. సరిగ్గా మీరు చెప్పిన చోటే, మోకు విప్పి మట్టల మీదికి మారేటప్పుడు, కుడి చేత్తో పట్టుకున్న మట్ట మొదలంటా ఊడి చేతిలోకి వచ్చేసింది. నడుము దగ్గర వెన్నెముక విరిగింది. రెండేళ్లు మంచం మీద ఉన్నారు. వీపు పుండ్లకు రోజూ నేనే మందు రాసేదాన్ని, అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఇంటికి చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ బయటికి వెళ్లి అన్న మాట ఏంటో తెలుసా? "తాగి ఎక్కి ఉంటాడు." మా నాన్న జీవితంలో కల్లు నోట్లో పెట్టలేదు, గీసి అమ్మడమే. పుండ్ల కంటే ఆ మాట ఆయన్ను ఎక్కువ తిన్నది.
మీరు కిట్టు వేసుకుంటారో లేదో అది మీ ఇష్టం. కానీ "పని వచ్చినవాడు పడడు" అంటే పడ్డవాడికి పని రాదని అర్థం. మా నాన్నకు పని రాదని మీరు అనకండి.

మోకుముత్తాదు
అమ్మా, మీ నాన్న గురించి నేను అనలేదు.

జనగామబిడ్డ
అన్నారు బాబాయ్. ఇక్కడ రెండుసార్లు అన్నారు, పైకి వెళ్లి చూసుకోండి, చివరిసారి తాగి ఎక్కేవాళ్లను కూడా కలిపారు. ఈ మాట వల్లే కుర్రాళ్లు కిట్టు వేసుకోవడానికి సిగ్గుపడుతున్నారు. మా తమ్ముడిని అడిగితే "వేసుకుంటే పని రానోడు అంటారక్కా" అన్నాడు. 5 నిమిషాలు, 2 నిమిషాలు, ఇవన్నీ ఆ తర్వాతి లెక్కలు.
ఇంకో సంగతి. టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) అనే కల్లు గీత లైసెన్సు మా పెదనాన్న పేరు మీద ఉండేది, ఆయన మోకాళ్లు పోతే నాన్న ఆయన బదులు ఎక్కేవారు. నాన్న పేరు మీద లైసెన్సు కార్డు లేదని ఆఫీసులో పరిహారం కాగితం కూడా తీసుకోలేదు, మాకు రూపాయి రాలేదు. ఈ రోజుకూ కార్డు లేకుండా కూలికి గీసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మొదట కిట్టు వాళ్లకు కావాలి. దాని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు.

వనంపిల్లగాడు
అక్కా, మా ఊళ్లో కూడా ముగ్గురు ఉన్నారు అలా. శిక్షణ రోజు దూరంగా నిలబడి చూసి వెళ్లారు.

కల్లుమండువ
కిట్టు ఇచ్చాక అది వేసుకోకుండా పడితే, చనిపోయినవాళ్ల ఇంటికి వచ్చే 5 లక్షల ప్రభుత్వ పరిహారం కూడా ఆపుతారేమోనని మా దగ్గర భయం ఉంది. అందుకే కొందరు తీసుకోలేదు. ఇది ఎవరైనా రాతపూర్వకంగా తేల్చి చెప్పాలి.

నిర్వాహకుడు
ఒకరి ఇంటి విషయం మీద మాట్లాడేటప్పుడు మాట చూసుకుని రాయండి. చర్చ కొనసాగించవచ్చు.

మోకుముత్తాదు
రాత్రంతా ఆలోచించాను. ఒక సంగతి రాస్తున్నాను, ఇంట్లో కూడా తెలియదు.
2011 శ్రావణంలో నేనూ జారాను. సగం చెట్టు మీద కాళ్ల బంధం పాచి మీద పట్టు తప్పింది. మోకుతో పాటే చెట్టును వాటేసుకుని రెండు మనుషుల ఎత్తు జారాను, శీను చెప్పినట్టే. రొమ్ము మీద తోలు లేచిపోయింది. ఇంటికి వచ్చి బండి మీద నుంచి పడ్డానని చెప్పాను. నెల రోజులు చొక్కా అంటుకుని నెత్తురు వచ్చేది. ఎందుకు అబద్ధం చెప్పానంటే, అమ్మా, నువ్వు రాసిన కారణానికే. ఆ మాట నా మీద పడకూడదని.
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నకు పని రాదని ఎవరూ అనకూడదు.
కిట్టు సంగతి మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు. 16 చెట్లు నావల్ల కాదు దానితో.

జనగామబిడ్డ
16కు వద్దు బాబాయ్. పాచి పట్టిన వాటికి వేసుకోండి. అవి ఎన్ని?

మోకుముత్తాదు
కుంట గట్టు మీద 4.

తాడుపని_శీను
ఆ 4 చెట్లకు వెళ్లే ముందు మోకు విప్పి ముడి దగ్గర పోగులు లేచాయేమో వేలితో తడిమి చూడండి సార్. గరుకుగా తగిలితే ఆ తాడు పక్కన పడేయండి. వీలైతే ఫొటో పెట్టండి.